ప్లీహం లేనివారికి ఒక పట్టిక కావాలి



ఎడమ ప్రక్కటెముకల క్రింద ఉండే ప్లీహం ఉబ్బినప్పుడు మన పల్లెల్లో 'కడుపులో బల్ల పెరిగింది' అంటారు. రక్తంలో చేరిన సూక్ష్మజీవులను వడగట్టడం ఆ అవయవం పని. అది లేనివారిని న్యుమోకాకస్ వంటి బాక్టీరియా కొన్ని గంటలలోనే బలిగొనగలదు. ఈ ప్రమాదం జీవితాంతం ఉంటుంది.

చిప్పగిరి ప్రాంతంలో పనిచేసిన రోజులలో ఒక యువరైతును చూశాను. ట్రాక్టరు బోల్తాపడి ప్లీహం చితికితే, నగరంలో శస్త్రచికిత్స చేసి దానిని తీసివేసి ప్రాణం నిలిపారు. మూడేళ్ల తరువాత ఒక సాయంత్రం చలిజ్వరం వచ్చింది. మలేరియా అనుకొని మాత్ర వేసుకొని పడుకున్నాడు. తెల్లవారి నా వద్దకు తెచ్చేసరికి నాడి అందడం లేదు. పొట్టమీది మచ్చను చూసి విషయం గ్రహించేసరికి ఆలస్యమైపోయింది. ఆయన డిశ్చార్జి కాగితంలో టీకాలు వేయించుకోవాలని ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది. దానిని ఆ కుటుంబానికి చదివి చెప్పినవారు లేరు.

ఈ మరణాలను చాలావరకు నివారించవచ్చు. ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్స అయితే కనీసం రెండు వారాల ముందు, అత్యవసరమైనది అయితే సుమారు రెండు వారాల తరువాత న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిమోఫిలస్ టీకాలు వేయాలి. ఏటా ఫ్లూ టీకా వేయాలి. జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగక వెంటనే యాంటీబయోటిక్ ఇచ్చి ఆసుపత్రికి చేర్చాలి. అయితే, ఏళ్ల తరబడి ఈ సంగతి గుర్తుచేసేది ఎవరు?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2003లో ప్లీహం లేనివారి కోసం ఒక రిజిస్ట్రీ నెలకొల్పారు. పేరు నమోదు చేసి, టీకాల గడువును తెలిపి, హెచ్చరిక కార్డు ఇవ్వడం దాని పని. పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం దక్కిందని అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. ఖర్చులో అధికభాగం నమోదు, తొలి టీకాల రూపంలో మొదటనే పడుతుంది. ప్రయోజనం మాత్రం ఆయుష్కాలమంతా అందుతుంది.

పేద రాష్ట్రానికి ఇది తలకు మించిన భారమని కొందరు అనవచ్చు. నేను అంగీకరించను. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం ప్లీహం తొలగించే శస్త్రచికిత్సకు సొమ్ము చెల్లిస్తున్నది. అనగా, ఆ రోగుల పేర్లు చెల్లింపుల లెక్కలలో ఇప్పటికే ఉన్నాయి. క్షయరోగుల కోసం 2012 నుంచి 'నిక్షయ్' నడుపుతున్న దేశానికి ఈ చిన్న పట్టిక అసాధ్యం కాదు. శస్త్రచికిత్సకు వేలు వెచ్చించి, ఆ పిదప కొన్ని టీకాలకు, ఏడాదికి ఒక ఫోను పిలుపునకు వెనుకాడడం పొదుపు కాదు. ఒక్క రోగిని ఐ.సి.యు.లో కొన్నాళ్లు ఉంచే ఖర్చుతో ఎందరికో టీకాలు వేయవచ్చు.

ప్రభుత్వం పూనుకొనేవరకు మీరు ఆగవద్దు. మీ ఇంటిలో ప్లీహం తీసివేసినవారు ఉంటే, ఆ మాట తెలుగులో ఒక కాగితంపై వ్రాసి వారి జేబులో ఉంచండి. రేపే వైద్యుని కలిసి టీకాల గురించి అడగండి.