సియాచిన్‌లో మన పిల్లల కాళ్ళకు సరైన బూట్లున్నాయా?

ధవళేశ్వరం వైపు ఉదయాన్నే వెళ్తే కాలవ గట్టు మీద కుర్రాళ్ళు పరుగు ప్రాక్టీసు చేస్తూ కనిపిస్తారు. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు గట్టెక్కాలి కదా. అందులో మన ఇళ్ళ పిల్లలూ ఉంటారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు, గోదావరి జిల్లాలకు ఫౌజు కొత్తేమీ కాదు. సెలక్ట్ అయ్యాక పోస్టింగ్ ఎక్కడ పడుతుందో మాత్రం అమ్మీ అబ్బాల చేతుల్లో ఉండదు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు విరుచుకుపడింది. మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్ పోస్టులో పది మంది మంచు కింద చిక్కుకున్నారు. వాళ్ళలో ఒకరు అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన ముస్తాక్ అహ్మద్. ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికిన కర్ణాటక జవాను హనుమంతప్ప కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆస్పత్రిలో చనిపోయారు. ఆ పది ఇళ్ళలో ఒక్కదానికీ మనిషి తిరిగి రాలేదు.

ఈమధ్య గ్రీన్‌లాండ్, ఆర్కిటిక్ అంటూ టీవీల్లో పెద్ద చర్చలు నడుస్తున్నాయి. మనకు ధ్రువం అంత దూరంలో లేదు. 76 కిలోమీటర్ల ఈ హిమానీనదం దగ్గర చలి మైనస్ 50 డిగ్రీల దాకా పోతుంది. 1972 నాటి నియంత్రణ రేఖను ఎన్‌జే 9842 అనే పాయింటు దగ్గర ఆపేశారు, ఆ పైన మంచులో ఎవరుంటారులే అనుకున్నారు. గొడవ అక్కడ మొదలైంది. మంచులో వేసుకునే బట్టల కోసం పాకిస్తాన్ లండన్‌లో ఆర్డర్ ఇచ్చిందని మనవాళ్ళకు తెలిసిందట. దాంతో 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్ పేరుతో మన సైన్యం ముందుగా ఎక్కి సాల్టోరో శిఖరాలు పట్టుకుంది. ఒక రకంగా ఈ యుద్ధం బట్టల ఆర్డర్‌తోనే మొదలైంది.

2003 నవంబర్ నుంచి అక్కడ తుపాకులు దాదాపు ఆగిపోయాయి, చావులు ఆగలేదు. 1984 నుంచి 2015 నవంబర్ దాకా 869 మంది చనిపోయారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అవతలి వైపూ అంతే. 2012 ఏప్రిల్‌లో గయారీ దగ్గర మంచు కూలి 140 మంది పోయారు. అందుకే అక్కడ సన్నద్ధత అంటే ముందు చూడాల్సింది బూట్లు, కళ్ళజోళ్ళు, తిండి.

నేను చదివింది కామర్స్. యుద్ధ వ్యూహం కంటే ఆడిట్ రిపోర్టు నాకు బాగా అర్థమవుతుంది. 2020 ఫిబ్రవరిలో కాగ్ రిపోర్టు పార్లమెంటు ముందుకొచ్చింది. 2015-16 నుంచి 2017-18 వరకు సియాచిన్, లదాఖ్ లాంటి ఎత్తైన ప్రాంతాల లెక్కలు అందులో ఉన్నాయి. మంచు కళ్ళజోళ్ళ కొరత 62 నుంచి 98 శాతం. 2015 నవంబర్ నుంచి 2016 సెప్టెంబర్ దాకా కొత్త మల్టీపర్పస్ బూట్లు ఇవ్వలేదు, పాతవే బాగుచేసి వాడుకున్నారు. సోనమ్ దుర్ఘటన జరిగింది సరిగ్గా ఈ నెలల మధ్యే. బూట్లు లేకే వాళ్ళు పోయారని నేను అనడం లేదు, మంచుచరియ ముందు ఏ బూటూ ఆగదు. కానీ రోజూ వేళ్ళు కొరికే చలి ముందు బూటే కదా ఆగేది.

తిండి లెక్క ఇంకా చిత్రం. ఒక సరుకు లేకపోతే దాని బదులు అదే ధరకు సరిపడా ఇంకోటి ఇచ్చారు. పుస్తకంలో లెక్క టాలీ అయిపోతుంది. మన కిరాణా కొట్టు భాషలో చెప్పాలంటే, వంద రూపాయల సరుకు లేదని వంద రూపాయలకే అంతకంటే ఖరీదైనది తూచి ఇచ్చారు, తూకం తగ్గింది. ఇలా కేలరీల్లో 82 శాతం దాకా కోత పడిందని కాగ్ తేల్చింది. ఎత్తుకు వెళ్ళేకొద్దీ ఆకలే చచ్చిపోతుంది, అక్కడ ప్రతి ముద్దా లెక్కే. లేహ్ వైపు ఒక సందర్భంలోనైతే సరుకు జవాన్లకు చేరకుండానే వాడేసినట్టు రాశారు. ఇది మాత్రం చలి చేసిన పని కాదు.

అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ నరవణె ఆ రిపోర్టు పాతదని, ఇప్పుడు పరిస్థితి మారిందని, సియాచిన్ వెళ్ళే ఒక్కో జవానుకు సుమారు లక్ష రూపాయల దుస్తులు ఇస్తున్నామని చెప్పారు. మంచిదే. కానీ అది అధికారి మాట, దాన్ని రూఢి చేయాల్సింది ఆడిట్.

ఇప్పుడు వెళ్తున్న పిల్లల్లో అగ్నివీరులున్నారు. నాలుగేళ్ళ కాంట్రాక్టు. 2023 అక్టోబర్‌లో మహారాష్ట్ర అగ్నివీర్ గవాటే అక్షయ్ లక్ష్మణ్ సియాచిన్‌లోనే చనిపోయారు. ఇలాంటప్పుడు ఇంటికి 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా వస్తాయి. రెగ్యులర్ జవాను కుటుంబానికి వచ్చే పెన్షన్ మాత్రం రాదు. పోస్టు అదే, చలి అదే.

ర్యాలీకి పిల్లాణ్ణి పంపేముందు జీతం ఎంత అని అందరం అడుగుతాం. 2018 తర్వాత ఏ ఏడాది ఎన్ని బూట్లు కొన్నారు, ఎన్ని పైకి చేరాయి అన్నది మన రాజమండ్రి, నరసాపురం, అమలాపురం ఎంపీలు లోక్‌సభలో ఒక్క రాతపూర్వక ప్రశ్నతో అడగొచ్చు. అడగమని వాళ్ళకు చెప్పాల్సింది మనమే.