గడ్డికి లెక్క లేదు, గడ్డి కోసే ఆడవాళ్ళకీ లేదు

రాయలసీమ గుట్టల్ని రోడ్డు మీంచి చూసి 'బీడు' అనేయడం అందరికీ అలవాటైంది. దగ్గరికెళ్తే బోదగడ్డి, తంగేడు, బలుసు, కలివి, పరికి, నేలరేగు, వాటి మధ్య అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు కనిపిస్తాయి. తక్కువ వానకి తగినట్టు గడ్డీ పొదలూ చెట్లూ కలిసి బతికే నేల ఇది. ఇక్కడ గడ్డి కోసేదీ, పుల్లలేరేదీ, పండ్లూ మందాకులూ తెచ్చేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. అందుకే పాడైన ఈ నేలని ఎలా బాగుచెయ్యాలన్నది మన హక్కులకి సంబంధించిన ప్రశ్న అంటాను.

ప్రభుత్వ లెక్కలు వేరే సంగతి చెబుతాయి. అటవీ సర్వేలో చెట్ల నీడ 10 శాతం లోపుంటే ఆ అటవీ భూమి వట్టి తుప్ప. బంజరు భూముల అట్లాసులో తుప్పల నేల కూడా బంజరే. దేశంలో మూడో వంతు నేల మీద అడవో చెట్లో ఉండాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. దాంతో 'ఖాళీ'గా కనిపించిన చోటల్లా మొక్కలు నాటడమే అభివృద్ధి అయింది. ఖాళీ ఎవరి కళ్ళకి?

నేను తిరిగే ఊళ్ళలో ఒక గుట్ట మీద యంత్రంతో వరసగా కందకాలు తవ్వి, నీలగిరి నాటి, కంచె వేశారు. గడ్డి వేళ్ళతో సహా పెళ్ళగిలిపోయింది. నాటిన మొక్కలకి లెక్క రాశారు. మేత లేక బర్రెల్ని అమ్ముకున్న ఇళ్ళకి లెక్క ఎవరూ రాయలేదు. ఆ ఊరి ఆడవాళ్ళని ముందుగా ఒక్క మాటైనా అడగలేదు.

కంప సంగతీ ఇలాంటిదే. సర్కారు తుమ్మ విత్తనాలు 1877లో జమైకా నుంచి కడప ప్రాంతానికొచ్చాయి. ఎవరు తెచ్చారో పేరే చెబుతుంది. పశువులు కాయలు తిని విత్తనాన్ని ఊరూరా చల్లాయి. దానికింద గడ్డి మొలవదు. తీసెయ్యాల్సిందే. కానీ ఈరోజు ఎన్నో పేద ఇళ్ళలో పొయ్యి మండేది ఆ కంపతోనే. ఒక్కసారిగా పీకించేస్తే మైళ్ళకొద్దీ నడవాల్సింది ఎవరు? కాబట్టి ముక్కలు ముక్కలుగా తియ్యాలి, కట్టెల మీద మొదటి హక్కు ఆ ఊరి ఆడవాళ్ళకుండాలి.

తీసేటప్పుడు పైన నరికితే మళ్ళీ చిగురేస్తుంది, మొదలుతో పెకలించాలి. పెకలించిన చోటు ఖాళీగా వదిలేస్తే మళ్ళీ కంపో, వయ్యారిభామో వస్తుంది. (పశువునీ మనిషినీ పీడించే కలుపుకి ఆడదాని పేరెందుకో!) వానలు వెనకబట్టాక ఏరి దాచిన గడ్డి విత్తనాన్ని తొలకరిలో అక్కడ చల్లాలి. తంగేడు, బలుసు మొదళ్ళు బతికుంటే నాటే పనే లేదు. రెండు మూడేళ్ళు మేపు ఆపితే అవే లేస్తాయి. ముళ్ళ పొదల చాటున మేకల నోటికందకుండా చెట్ల మొలకలూ పెరుగుతాయి. గుట్టంతా ఒకేసారి మూసెయ్యకూడదు. వంతులవారీగా మూసి, మూసిన చోట గడ్డి కోసుకోనివ్వాలి. అప్పుడే గొర్రెలకాపరులకీ నష్టం ఉండదు.

ఏ విత్తనం ఎప్పుడు ఏరాలో, ఏ మొదలు చిగురిస్తుందో ఆడవాళ్ళకి తెలుసు. అయినా పథకంలో వాళ్ళు గుంతలు తవ్వే కూలీలు మాత్రమే.

చట్టం మన చేతిలో లేకపోలేదు. అటవీ భూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. తరతరాలుగా కాపాడుకొస్తున్న సామూహిక అటవీ వనరుని రక్షించుకునే, పునరుద్ధరించుకునే హక్కుని అది అక్కడి అటవీవాసులకిచ్చింది. అటవీ హక్కుల కమిటీలో ఆడవాళ్ళు మూడో వంతుకి తగ్గకూడదంది. ఊరుమ్మడి భూమి అయితే, ఆక్రమణలు తొలగించి ఊరికే అప్పగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. కాగితం మీదున్న మూడో వంతు గ్రామసభలో నోరు విప్పేలా చెయ్యడం సంఘాలుగా మన పని.

మనం అడగాల్సినవి ఇవి. యంత్రం గుట్టెక్కే ముందు గ్రామసభలో ఆడవాళ్ళ సమ్మతి తీసుకోవాలి. ఏం పెంచాలో గడ్డి కోసేవాళ్ళు, కట్టెలు తెచ్చేవాళ్ళు, కాపరులు కలిసి తేల్చాలి. విత్తనాలేరినా, కంప పీకినా, కాపలా కాసినా కూలి కట్టి ఇవ్వాలి. గడ్డీ కట్టెలూ తీసుకునే హక్కు వాళ్ళ పేర్ల మీద రాతలో ఉండాలి. ఎన్ని మొక్కలు నాటారన్న లెక్క పక్కనే ఎన్ని మోపుల గడ్డి ఇళ్ళకి చేరిందన్న లెక్కా రాయాలి.

మీ మండలంలో ఈ ఏడాది మొక్కలు నాటబోయే భూముల జాబితా అడిగి తీసుకోండి. ఆ భూముల్లో ఇప్పటిదాకా ఎవరు గడ్డి కోస్తున్నారో వాళ్ళ పేర్లు రాయడంతో పని మొదలుపెట్టండి.