గుర్తింపు ఎవరి మేలునకు?

బడులు తెరచు దినములు వచ్చినచో, నిన్నటి విశాఖపట్టణ జిల్లాలోనుండి 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరమున, ప్రతి గృహస్థునకును ఒకటే విచారము: బిడ్డను ఏ పాఠశాలయందు చేర్పవలెను? క్రైస్తవ సంఘముల పాఠశాలలయెడ మనవారికి గౌరవము మెండు. అది నిష్కారణము కాదు. 1805లో లండను మిషనువారు విశాఖపట్టణమున అడుగిడిరి. 1843లో రాబర్టు నోబులు బందరున పాఠశాల స్థాపించెను. మిషను బడులలో చదివి వృద్ధికి వచ్చినవారు అన్ని కులములయందును, అన్ని మతములయందును గలరు. ఆ సేవను మరచుట కృతఘ్నత. అయినను పేరు చూచి చేర్చి, గుర్తింపు విచారింపకుండుట వివేకము కాదు.

అల్పసంఖ్యాకవర్గములు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కును రాజ్యాంగపు 30వ అధికరణము ప్రసాదించినది. ఆ హక్కును వదలుకొన్నగాని గుర్తింపు నీయమనుట తగదని 1958లో కేరళ విద్యాబిల్లు విషయమున సుప్రీముకోర్టు తెలిపెను. హైదరాబాదు ఆల్ సెయింట్సు హైస్కూలు వ్యాజ్యమున, మన రాష్ట్రపు 1975 నాటి శాసనములోని కొన్ని నిబంధనలు ఇట్టి సంస్థలకు చెల్లవని 1980లో తీర్పు చెప్పెను. ఈ తీర్పులు న్యాయమైనవని మా అభిప్రాయము.

కాని నిర్వహణహక్కు వేరు, గుర్తింపు లేకయే నడుపు స్వేచ్ఛ వేరు. ఆంధ్రప్రదేశ్ క్రిస్టియన్ మెడికల్ ఎడ్యుకేషనల్ సొసైటీవారు అనుమతి లేకయే వైద్యకళాశాలకు విద్యార్థులను చేర్చుకొనగా, 1986లో సుప్రీముకోర్టు వారి వాదమును త్రోసిపుచ్చినది. విద్యార్థులనైనను పరీక్షకు కూర్చుండనిండని వేడుకొనగా, శాసనమును మీరుమని విశ్వవిద్యాలయమును ఆజ్ఞాపింపజాలమని చెప్పినది. తప్పు పెద్దలది, శిక్ష పిల్లలది.

1921లో సర్కారు గుర్తింపును తృణీకరించి జాతీయ పాఠశాలలలో చేరినవారు లేరా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఉండిరి, వారికి మా నమస్కారము. ఆ పట్టము కొలువునకు పనికిరాదని వారెరిగియే చేరిరి. అది త్యాగము. తెలియనీయక ఒకరి బిడ్డచే చేయించు త్యాగమునకు వంచన యని పేరు. గుర్తింపులేని బడిలో పదవ తరగతి చదివిన బాలుడు మరియొక బడి పేరున పరీక్ష వ్రాయవలసివచ్చిననాడు గాని తండ్రికి నిజము తెలియదు.

2009 నాటి విద్యాహక్కు శాసనము గుర్తింపులేని బడికి లక్ష రూపాయలవరకు జరిమానా విధించినది. ఆ శాసనము అల్పసంఖ్యాకుల బడులకు వర్తింపదని 2014లో తీర్పు వచ్చినది. కాని జరిమానా భయము లేనిచోట మాట నిజాయితీ మరింత అవసరము గదా!

కావున మా మనవి మూడు విధములు. యాజమాన్యములు గుర్తింపుపత్రమును, అది ఏ తరగతివరకు, ఏ మాధ్యమమునకు, ఏ సంవత్సరమువరకు చెల్లునో తెలియునట్లు, గుమ్మమున వ్రేలాడదీయవలెను. విద్యాశాఖవారు దరఖాస్తులను నానబెట్టక గడువులోపల తేల్చి, నిరాకరించినచో కారణము వ్రాసి యీయవలెను. తల్లిదండ్రులు రుసుము చెల్లించుటకు ముందే ఆ పత్రమును అడిగి చూడవలెను. ఈ నియమము క్రైస్తవ పాఠశాలలకే కాదు, హిందువుల బడులకును, వ్యాపారుల బడులకును సమానమే. గుర్తింపు ప్రభుత్వపు పెత్తనమునకు కాదు, సంస్థల ప్రతిష్ఠకును కాదు. బిడ్డ చదివిన చదువు చెల్లుటకు.