మట్టి గోడలే కదా అనకండి

శుక్రవారం సాయంత్రం రియాద్‌లోని బత్హా బజారు చూడాలి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప అన్నీ అక్కడే ఉంటాయి. ఇంటికి పైసలు పంపే కౌంటర్ల ముందు లైన్లు, చాయ్ కప్పులు, వీడియో కాల్స్. అక్కడి నుంచి నడిచి పోయేంత దూరంలో దీరాలో మస్మక్ ఉంది. అది కోటా, మహలా అని తగువు పడనక్కర్లేదు. అరబ్బీలో రెండింటికీ ‘ఖసర్’ అన్న మాట నడుస్తుంది. పదేళ్లు బత్హాలో చాయ్ తాగి, మస్మక్ గడప తొక్కకుండానే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని పోయినవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇప్పుడు విజిట్ వీసా మీద భార్యాపిల్లలను తెచ్చుకున్నవాళ్లు అడుగుతున్నారు: “అన్నా, మస్మక్‌లో గైడును పెట్టుకోవాలా, ఊకె తిరిగొస్తే నడుస్తదా?” ఊకె తిరిగి రావాలనుకుంటే అసలు పోకండి. పెట్రోలు మిగులుతుంది.

కోపంగా చెబుతున్నానని తెలుసు. ఆ కోపంలో సగం నా మీదే. కొన్నేళ్ల కిందట మేం నలభై మందిమి బస్సు మాట్లాడుకుని ఇలాంటి పాత మట్టి మహలు ఒకటి చూడటానికి పోయాం. “గైడెందుకు? ఖల్లివల్లి! యూట్యూబ్‌ల అన్నీ ఉన్నయి” అన్నాడు మాలో ఒక పెద్దమనిషి. అందరం నవ్వాం, నేనూ నవ్వాను. ఇరవై నిమిషాల్లో బయటపడ్డాం. “ఏముంది, మా ఊళ్లె గడి లెక్కనే ఉన్నది, మట్టి గోడలు” అని తీర్పు చెప్పి బిర్యానీ డబ్బాలు విప్పాం. బిర్యానీకి గంటన్నర పట్టింది.

మట్టి గోడలు! ఆ మాట దగ్గరే నా పేచీ.

పాలరాయికి గైడు లేకపోయినా ఫర్వాలేదు. తాజ్ మహల్ తన గొప్ప తానే చెప్పుకుంటుంది. మట్టి అలా చెప్పుకోదు. దాని పనితనమంతా గోడ లోపల ఉంటుంది. కంటికి కనపడేది పూత ఒక్కటే. అందుకే మట్టి మహలు చూడబోయేవాడికి తెలిసినవాడు పక్కన ఉండాలి. లేకపోతే చూసి కూడా చూడనట్టే.

తర్వాత ఒకరోజు ఒంటరిగా మస్మక్‌కు పోయి, ఉర్దూ వచ్చిన ఒకాయనను బతిమాలి వెంట తీసుకెళ్లాను. ముప్పావు గంట. ముందుగా తలుపు దగ్గర ఆపాడు. పెద్ద చెక్క తలుపులో చిన్న దిడ్డి దర్వాజ. మనిషి నిలబడి పోలేడు, వంగి, తల ముందు పెట్టి దూరాలి. ఎందుకలా? లోపలి కాపలావాడికి ముందు దొరికేది వచ్చేవాడి మెడ కాబట్టి. 1902 జనవరిలో, కువైట్‌లో తలదాచుకుంటున్న, తర్వాత సౌదీ రాజైన అబ్దుల్ అజీజ్ కొద్దిమంది మనుషులతో రాత్రికి రాత్రి ఊళ్లోకి దిగాడు. తెల్లవారాక కోటలోంచి బయటికొచ్చిన అప్పట్లో రియాద్‌ను ఏలుతున్న రషీదీల గవర్నర్ అజ్లాన్ వాళ్లను చూసి ఈ దిడ్డి వైపే పరుగెత్తాడు. సగం దూరినవాడిని కాళ్లు పట్టి లాగారట. అజ్లాన్ చచ్చాడు, రియాద్ చేతులు మారింది. ఆ పెనుగులాటలో విసిరిన ఈటె మొన ఇప్పటికీ తలుపు చెక్కలో దిగే ఉంది. వేలెడంత ఇనుప ముక్క అది. దాని పక్కన నిలబడి సెల్ఫీ దిగి, దాన్ని చూడకుండానే పోయేవాళ్లు రోజూ ఉంటారు.

తర్వాత గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. పైన వరసగా త్రికోణపు కన్నాలు. నేను అలంకారం అనుకున్నాను, కాదట. కిటికీ పెడితే ఎండా, దుమ్మూ లోపలికొస్తాయి. ఈ కన్నాలు గాలికి దారిస్తాయి, వేడికి ఇవ్వవు. మట్టిలో గడ్డి ముక్కలు కలిపి, కాళ్లతో తొక్కి, ఇటుకలు పోసి ఎండబెడతారు. కప్పుకు అథల్ చెట్టు దూలాలు, వాటి మీద ఖర్జూరపు మట్టల పరుపు, ఆపైన మళ్లీ మట్టి. వాన పడినప్పుడల్లా పూత మళ్లీ వేయాలి. వింటుంటే నాకు మా నానమ్మ కనబడింది. చీర ఎగ్గట్టి, మట్టిలో వరిగడ్డి వేసి తొక్కుతూ, “ఇంకా మాగలేదురా” అనే నానమ్మ. పండుగ పండుగకూ ఎర్రమట్టితో గోడలు అలికిన ఆ చేతులకు ఈ నెజ్ద్ ప్రాంతపు మేస్త్రీలు చేసిన పనంతా తెలుసు.

నా మాటకు వచ్చే ఎదురువాదాలు నాకూ తెలుసు. “గైడులు అబద్ధాలు చెబుతారు” అంటారు. చెబుతారు. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టి, అది పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని చూపించే గైడే, కోట నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందని కూడా చెబుతాడు. రెండోది నమ్మకండి. కానీ మొదటిది మీ అంతట మీరు కనుక్కునేవారా? ఏ పిచ్చివాడు దర్వాజా కింద నిలబడి ఊరికే చప్పట్లు కొడతాడు?

“గైడు రాజుగారి కథే చెబుతాడు” అనేది అంతకంటే బలమైన మాట. నిజమే. మస్మక్‌లో గెలిచినవాడి కథే వినిపిస్తుంది. రియాద్ పక్కనే ఉన్న పాత రాజధాని దిరియాలో సల్వా మహలు శిథిలాల మధ్య, 1818లో ఇబ్రహీం పాషా సేనలు ఊరిని ఎలా నేలమట్టం చేశాయో చెబుతారు. ఆ మట్టి తొక్కిన కాళ్లు ఎవరివో చెప్పరు. అయితే అడగండి! నోరెందుకుంది? ఈ దూలం ఎవరు మోశారు, కూలి ఎంత, ఎండాకాలం పని ఎన్ని గంటలకు మొదలయ్యేది అని అడగండి. రియాద్‌లో ఆ ప్రశ్న అడిగే హక్కు మనకంటే ఎవరికుంది? ఈ ఊరి టవర్లకు సెంట్రింగు కట్టిందీ, రాడ్ బెండింగు చేసిందీ మనవాళ్లే. గైడు దగ్గరికి బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని కాదు, సాక్షిని నిలదీసే వకీలులా పోవాలి. నిలదీయాలన్నా ముందు సాక్షి ఉండాలి కదా.

ఇక డబ్బు మాట. కొత్త ఫోను కవరుకు బేరమాడకుండా ఇచ్చేవాళ్లు గైడు దగ్గర లెక్కలు తీస్తారు. ఒక్కడికి బరువైతే పదిమంది కలిసి పంచుకోండి. భాష రాకపోతే మనలో అరబ్బీ వచ్చిన డ్రైవరన్నను వెంట తెచ్చుకోండి. ఉగాదికి స్టేజీ, లైట్లు, శాలువాలు అమర్చుకోగలిగిన మనం, ఏడాదికి రెండుసార్లు ఒక మహలును తెలుగులో వివరించి చూపించే మనిషిని తయారు చేసుకోలేమా?

మళ్లీ మట్టి మాటకొస్తాను. అబ్దుల్ అజీజ్ పాత ఊరి గోడల బయట కట్టించుకున్న మురబ్బా మహలు 1930ల చివర్లో పూర్తయింది. అదీ మట్టిదే. 1938లోనే దమ్మాం ఏడో బావిలో చమురు పొంగింది. ఆ తర్వాత ఈ దేశం మట్టిని వదిలి సిమెంటు పట్టింది. పాత రియాద్‌ను చాలావరకు కూలగొట్టుకుంది. ఇప్పుడు మిగిలినదాన్ని కోట్లు పోసి కాపాడుకుంటోంది.

చమురు పైసలు రియాద్‌తో ఆగలేదు. మా ఊరికీ వచ్చాయి. నేను పంపిన రియాళ్లతోనే నానమ్మ కట్టిన మట్టింటిని జేసీబీ పెట్టి ఒక్క పూటలో పడగొట్టించి, స్లాబు వేయించాను. మే నెలలో ఆ ఇంట్లో ఏసీ లేకుండా ఎవరూ పడుకోలేరు. మట్టి గోడలే కదా అన్నాను అప్పుడు. అదేమిటో చెప్పేవాణ్ని నేను ముప్పావు గంట కూడా వెంట పెట్టుకోలేదు మరి.