బలానికి ధర కట్టేదెవరు?

పలమనేరు టమోటా మండీలో బాక్సులు మోస్తున్న బక్కపలచని హమాలీని చూసి, జిమ్ముకు వెళ్ళే మా బంధువుల కుర్రవాడు "ఇతనికి కండే లేదు, బలమెక్కడిది మామా?" అన్నాడు. నా తగవు ఆ మాటతోనే.

బలం ఒక్కటి కాదు. ఒక్కసారి ఎత్తగలిగిన అత్యధిక బరువు గరిష్ఠ బలం. రెప్పపాటులో వెలువడేది విస్ఫోటక బలం. అలవకుండా పదేపదే చేయించేది ఓర్పు బలం. సొంత శరీర బరువుతో పోల్చి లెక్కించేది సాపేక్ష బలం. వీటిలో ఏదీ టేపుతో కొలిచేది కాదు. సాధన మొదలుపెట్టిన తొలి వారాలలో బలం పెరిగేది ముఖ్యంగా కండ ఉబ్బినందువల్ల కాదు. ఎక్కువ కండర తంతువులను ఒక్కసారిగా పనిలోకి దించడం నరాలు నేర్చినందువల్ల.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒకే మనిషి, ఒకే రోజు, రెండు అంకెలు! ఒకే ఊపులో తలపైకి లేపడం వేరు, భుజాల మీద నిలిపి లేపడం వేరు. మరి హమాలీని ఏ అంకెతో తూచాలి?

ఆ రోజు మావాడు మొదటి బాక్సును అవలీలగా ఎత్తాడు. ఇరవయ్యోదానికి చేతులు వణికాయి. హమాలీ మాత్రం లారీ నిండేదాకా ఆగలేదు. వాడిది బలం కాదనను. అదొక్కటే బలమంటేనే ఒప్పుకోను. ఓర్పును బలంగా లెక్కించని మనం, దానికి న్యాయమైన కూలి మాత్రం ఎలా కడతాం?