మన హైస్కూలుకు ఎలాంటి సారు కావాలి?



ఏజెన్సీ హైస్కూలుకు మంచి టీచర్ అంటే ఎవరు? బీఈడీ ఉండాలి, టెట్ పాసవ్వాలి, డీఎస్సీలో ర్యాంకు రావాలి. సర్కారు లెక్క అంతటితో సరి. మన లెక్క అక్కడే మొదలవుతుంది.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000లో జీఓ నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పట్నుంచి ఒకటే మాట: "ఎవరు చెప్తే ఏంటి, మెరిట్ ఉంటే చాలు కదా!" సరే, మెరిట్ గురించే మాట్లాడుకుందాం.

ఇంట్లో కోయ, గోండి, కొలామి, కువి, సవర మాట్లాడే పిల్లకు తెలుగు రెండో భాష. ఇంగ్లీష్ మీడియం పెట్టాక పాఠం మూడో భాషలోకి పోయింది. ఆ పిల్ల నోరు విప్పకపోతే "మొద్దు" అని తేల్చేసే సారుకు ఎంత ర్యాంకు వస్తే ఏం లాభం? ఆ మౌనం భయమో, జ్వరమో, పాఠం అర్థంకాకనో పోల్చుకోవడం మెరిట్. కిరణజన్య సంయోగక్రియను ఇప్పచెట్టు కింద చెప్పగలగడం మెరిట్. లాభనష్టాల లెక్కను సంతలో చింతపండు తూకం దగ్గర మొదలుపెట్టడం మెరిట్.

ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. 1940ల్లోనే ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు యువకులకు శిక్షణ ఇప్పించి టీచర్లను చేశారు. గోండిలో వాచకాలు కూడా తెచ్చారు. అప్పుడు అయింది, ఇప్పుడెందుకు కాదు?

ఇక మనోళ్ళకూ ఒక మాట. ఎస్టీ సర్టిఫికెట్ ఒక్కటే మంచి టీచర్ని చెయ్యదు. టౌన్లో కాపురం పెట్టి, పదకొండింటికి వచ్చి మూడింటికి బస్సెక్కే సారు మనోడైనా నిలదీయాల్సిందే. టెన్త్‌లో లెక్కలు, సైన్స్ తప్పితే మన పిల్లల దారి కూలికీ, చిన్న వయసు పెళ్ళికీ పోతుంది. సబ్జెక్టు మీద పట్టు లేని ప్రేమ వాళ్ళను గట్టెక్కించదు.

అందుకే అడుగుదాం: స్థానిక ఆదివాసీలకు టీచర్ పోస్టులు దక్కేలా, కోర్టులో నిలిచే చట్టం తేవాలి. బయట్నుంచి వచ్చే టీచర్‌కు పిల్లల భాషలో శిక్షణ తప్పనిసరి చెయ్యాలి. టీచర్లు బడి ఉన్న ఊళ్ళోనే ఉండాలి, అందుకు క్వార్టర్లు కట్టాలి.

డిగ్రీ చదివిన మనం ఊరికి పోయినప్పుడు బడికి కూడా పోదాం. ఏ సబ్జెక్టుకు సారు లేడో రాసుకుని, ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని ఐటీడీఏ గ్రీవెన్స్‌లో అర్జీ పెడదాం.

మన భాష తెలిసిన సారు, పాఠం వచ్చిన సారు, ఊళ్ళో ఉండే సారు మన హక్కు!

జై ఆదివాసీ!