పనిలేని కతలు

"పాతిక ఎపిసోడ్లయినా ప్రేమిస్తున్నానని చెప్పుకోరు, ఏం చూస్తావ్ బ్రో?" అంటాడు మా టీంలో ఒకడు. జపాన్‌లో అమ్మాయిల పత్రికల్లో సీరియల్‌గా వచ్చే షోజో మాంగాల్లోంచి తీసిన ఆనిమేలంటే వాడికి చులకన.

ఈ మాట మా జనగామ ఇంట్లో చిన్నప్పుడే విన్నా. అమ్మ పత్రికల్లోంచి యద్దనపూడి సీరియల్ పేజీలు చింపి, దారంతో కుట్టి దాచుకునేది. "పనిలేని కతలు" అనేవాడు నాయిన. అక్కినేనితో 1976లో వచ్చిన 'సెక్రటరీ' సినిమా మాత్రం తనూ చూసిండట! నేనూ నవ్వేవాణ్ణి, ఇంజనీరింగ్‌లో చేరాక మరీనూ.

కరుహో షీనా మాంగాలోంచి 2009లో వచ్చిన 'కిమి ని తోదోకే' చూశాక ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. సవాకోని చూస్తే దయ్యమని క్లాసంతా తప్పుకుంటుంది. కజెహాయా మీద ఇష్టం ఒకపక్క, యానో, యోషిదా తనని ఫ్రెండ్ అనుకుంటున్నారో లేదోనన్న దిగులు ఇంకోపక్క. ఒక అమ్మాయి మనసులో మాటని అంతసేపు వినే ఓపిక మన హీరోకుందా? కాలేజీ గేటు దాకా వెంటపడితే అది ప్రేమ, ఇది టైంపాసా?

అపార్థాలు సాగదీస్తారు, నిజమే. కుర్రాడు యద్దనపూడి హీరోలా మరీ మంచోడు, అదీ నిజమే.

మొన్న ఇంటికెళ్లి ఆ కట్ట అడిగా.

"చెదలు పట్టినయ్, పారేసిన. నీకెందుకురా ఇప్పుడు?"

"కత చెప్పు పోనీ."

అమ్మ స్టవ్ ఆర్పేసి కూర్చుంది.